50 సీసీ పెట్రోల్ చైన్ సా: 4 ఏళ్ల వాడకం తర్వాత

50 సీసీ ఇంజన్, 18 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే ఉక్కు పట్టీ), .325 అంగుళాల పిచ్ (లింకుల సైజు) చైన్. ఈ 4 ఏళ్లలో ఇంజన్ విప్పాల్సిన పని పడలేదు. అడుగు మందం దుంగని ఆయాసపడకుండా కోస్తుంది. కోత మందగించినప్పుడు మాత్రం చాలామంది చెయ్యి ముందు కార్బొరేటర్ స్క్రూల మీదికి పోతుంది. అంతకన్నా ముందు కింద రాలే పొట్టు చూడండి.

పదునున్న చైన్ చెక్కని పేళ్లుగా లేపుతుంది. మెత్తటి పొడి రాలుతుంటే పళ్లు మొద్దుబారినట్టే. పన్నుని వెలుతురులో తిప్పి చూస్తే అంచు మీద సన్నటి తెల్ల గీత మెరుస్తుంది, ఆ గీత పోయేదాకా రాయాలి. ఈ చైన్‌కి 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. బార్‌ని వైస్‌లో బిగించి, 30 డిగ్రీల కోణంలో లోపలి నుంచి బయటికి తొయ్యాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ఆకురాయి పన్నుకి తగలకూడదు. పన్నుకి మూడు నాలుగు తోపులు చాలు. ఒక వరుస పళ్లన్నీ అయ్యాకే రెండో వైపు. అన్నిటికన్నా పొట్టి పన్నే కొలత, మిగతావి దానికి సమం కావాలి. ఒక వైపు పళ్లు పొడుగ్గా మిగిలితే కోత వంకరగా పోతుంది. నాలుగైదు సార్లు పదును పెట్టాక పన్ను ముందుండే డెప్త్ గేజ్ (పన్ను ఎంత లోతుకి కరవాలో ఆపే మెట్టు) కూడా చూడాలి. అది పన్ను అంచు కన్నా 0.65 మి.మీ. కిందికి ఉండాలి. మరీ అరగదీస్తే పన్ను లోతుగా కరిచి రంపం ఎగదన్నుతుంది.

ఎగదన్నడమే ఈ మిషన్‌లో అసలు ప్రమాదం. తిరిగే చైన్ ఉన్న బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే, రెప్పపాటులో బార్ మొహం మీదికి లేస్తుంది. ఎడమ బొటనవేలు ముందు హ్యాండిల్ కింద చుట్టి ఉండాలి, ఎడమ మోచెయ్యి నిటారుగా ఉండాలి. భుజం ఎత్తు దాటి కొయ్యొద్దు. చైన్‌ని టక్కున ఆపే చైన్ బ్రేక్‌ని ప్రతి రోజూ పరీక్షించాలి. స్టార్ట్ చేసేటప్పుడు బ్రేక్ వేసి, రంపాన్ని నేల మీద పెట్టి, వెనక హ్యాండిల్‌లో కుడికాలి బూటు ముక్కు దూర్చి తాడు లాగండి. గాల్లో వేలాడదీసి లాగడం చాలా ప్రమాదం.

చైన్ బిగువు చూడటం తేలికే. పానాతో బార్‌ని పట్టి ఉంచే రెండు నట్లు వదులు చేసి, బార్ ముక్కు పైకెత్తి పట్టుకుని బిగువు స్క్రూ తిప్పాలి, తర్వాత నట్లు మళ్లీ బిగించాలి. చైన్ బార్ అడుగుకి ఆనుకుని ఉండాలి, గ్లవుజు చేత్తో లాగితే కదలాలి. పనయ్యాక కొంచెం వదులు చెయ్యండి. వేడి మీద బిగించిన చైన్ చల్లారాక ముడుచుకుని క్రాంక్ షాఫ్ట్ బేరింగులని నొక్కేస్తుంది.

పెట్రోల్ లీటరుకి మంచి టూ-స్ట్రోక్ ఆయిల్ 20 మి.లీ., అంటే 50:1. నెల దాటిన మిశ్రమం వాడొద్దు. పెట్రోల్ పోసిన ప్రతిసారీ చైన్ ఆయిల్ కూడా నింపాలి. బార్ ముక్కుని మొద్దు వైపు పెట్టి రేస్ చేస్తే మొద్దు మీద నూనె గీత పడాలి. పడకపోతే బార్ గాడిలో పొట్టు గీకి, నూనె రంధ్రం శుభ్రం చెయ్యండి. పాత ఇంజన్ ఆయిల్ పోస్తే బార్ త్వరగా పోతుంది. చైన్ తీసినప్పుడల్లా బార్‌ని తిరగేస్తే రెండంచులూ సమంగా అరుగుతాయి.

లోపాలూ ఉన్నాయి. బిగువు స్క్రూ ఇరుకులో ఉంది, పొట్టు పేరుకుంటే స్క్రూడ్రైవర్ ఆనదు. పక్కన పెట్టిన రంపం కింద చైన్ ఆయిల్ మరక పడుతుంది. ఎయిర్ ఫిల్టర్ మూతకున్న క్లిప్పు బలహీనం, అది వదులైతే దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోతుంది. క్లిప్పు బిగువుగా లేకపోతే కొత్తది వేసే వరకు స్టార్ట్ చెయ్యకండి. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు) చైన్ తిరుగుతున్నా అంతే: ఐడిల్ స్క్రూ తగ్గించి చూడండి, అప్పటికీ ఆగకపోతే క్లచ్ స్ప్రింగులు మార్చాకే చెట్టు దగ్గరికి వెళ్లండి.