లా పాస్‌లో ఒక రోజు, నాలుగు రంగుల కేబుల్ కార్లు

బొలీవియాలోని ఉయుని ఉప్పు ఎడారికి వెళ్లేవాళ్లలో చాలామంది లా పాస్‌ని బస్సు మారే ఊరుగానే చూస్తారు. మేమూ మొదట అలాగే ప్లాన్ వేసుకున్నాం. "ఒక్క రోజు ఆగుదాం, ఆ కేబుల్ కార్లు ఎక్కాల్సిందే" అని మావారు పట్టుబట్టారు. ఆ దేశంలో గడిపిన రోజులన్నిటిలో నాకు ఇప్పటికీ కళ్లముందు కదిలేది ఆ రోజే.

ముందు ఎత్తు సంగతి చెప్పాలి. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 3,640 మీటర్ల ఎత్తులో ఉంది. విమానం దిగేది ఇంకా పైన, పక్కనే ఉన్న ఎల్ ఆల్తో అనే ఊళ్లో, 4,000 మీటర్లు దాటిన చోట. మేం పెరూలో సముద్రం ఒడ్డునున్న లీమా నుంచి నేరుగా వచ్చి దిగాం. అలా చేయకండి. పెరూలోనే కొండమీదున్న కుస్కో లాంటి చోట రెండు మూడు రోజులుండి వస్తే ఒంటికి కాస్త అలవాటవుతుంది. సూట్‌కేసు లాగుతూ పదడుగులు వేసేసరికే నాకు గుండె దడదడలాడింది. రాత్రంతా తలనొప్పి, నిద్ర లేదు.

పైగా మా హోటల్ సగార్నగా వీధి ఎగువన, నిటారుగా ఎక్కే చోట ఉంది. బుకింగ్‌లో లిఫ్ట్ ఉందని రాశారు, వెళ్లాక రిపేరులో ఉందన్నారు. మాది మూడో అంతస్తు. గదిలో హీటర్ అర్ధరాత్రి ఆగిపోయింది. కానీ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మా మొహాలు చూసి, అడగకుండానే ఫ్లాస్కు నిండా వేణ్ణీళ్లు, గుప్పెడు కోకా ఆకులు తెచ్చి ఇచ్చింది. ఆ టీ ఎండుగడ్డి వాసనతో కాస్త చేదుగా ఉంటుంది. ఈ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి మన ఇంట్లో టీ అంత వేడిగా అనిపించదు. తాగితే నాకు కొంచెం తేలికపడింది. కోకా ఆకు అక్కడ మామూలు విషయమే, కానీ కొకైన్ తయారయ్యేది దాన్నుంచే కాబట్టి ఒక్క ఆకు కూడా బ్యాగులో పెట్టుకుని దేశం దాటొద్దు. ఇంకోసారి వెళ్తే మేం సోపోకాచిలో గది తీసుకుంటాం. ప్రశాంతమైన పేట, మంచి కాఫీ హోటళ్లు ఉన్నాయి, కేబుల్ కార్ల పసుపు లైన్ స్టేషన్ కూడా అక్కడే.

పొద్దున మెల్లగా శాన్ ఫ్రాన్సిస్కో చర్చి ముందున్న కూడలికి దిగాం. రోడ్డు దాటబోతుంటే చారల గుర్రం వేషంలో ఉన్న ఓ కుర్రాడు చేయి అడ్డం పెట్టి మినీబస్సులు ఆపి, మమ్మల్ని దాటించాడు. 2001 నుంచి ఈ ఊళ్లో జీబ్రా వేషాల్లో యువత ట్రాఫిక్ క్రమశిక్షణ నేర్పిస్తున్నారు. అరిచే పోలీసు కన్నా ఆ వేషానికే డ్రైవర్లు చక్కగా ఆగుతున్నారు.

టిఫిన్ పక్కనే ఉన్న లాంసా మార్కెట్‌లో చేశాం. మేం మాంసం తినం. అక్కడ "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అంటే చాలామందికి గొడ్డుమాంసం వద్దని మాత్రమే అర్థమవుతుంది, చికెన్ పెట్టేస్తారు. "సిన్ పోయో" (చికెన్ లేకుండా) అని కూడా చెప్పాలి. మాకు దొరికింది అవకాడో పెట్టిన బ్రెడ్డు, ఉడికించిన బంగాళాదుంపలు, జున్నుముక్క. దుంపల పక్కన ఒక చిన్న గిన్నెలో ఎర్రటి పచ్చడి పెట్టింది ఆ అంగడి ఆవిడ. నాలిక మీద పెట్టుకోగానే నాకు ప్రాణం లేచివచ్చింది. ల్యాహ్వా అంటారు దాన్ని. టమాటాలు, లొకోతో అనే గుండ్రటి మిరపకాయలు, కిర్కీన్యా ఆకు కలిపి నూరతారు. ఆ మిరపకాయ కోస్తే లోపల గింజలు నల్లగా ఉంటాయి. ఆకు వాసన కొత్తిమీరకి దగ్గరగా, ఇంకొంచెం ఘాటుగా ఉంటుంది. నా ఆసక్తి చూసి ఆవిడ లోపలికి పిలిచి నూరి చూపించింది. మన రోలుకున్నట్టు గుంట లేదు. పలకలాంటి రాయి మీద అర్ధచంద్రం ఆకారంలో ఉన్న బరువైన రాయిని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపుతుంటే టమాటా తొక్కతో సహా నలిగిపోతోంది. మిక్సీలో వేస్తే ఈ రుచి రాదని చేతులతో సైగ చేసి చెప్పింది. మా అమ్మమ్మ కూడా ఇదే మాట అనేది.

అక్కణ్ణుంచి కొద్ది దూరంలోనే మంత్రగత్తెల సంత. పేరు చూసి భయపడక్కర్లేదు. అంగళ్లలో లామా అనే ఒంటె జాతి జంతువు గర్భంలోని పిల్లల్ని ఎండబెట్టి వేలాడదీస్తే మొదట నాకు కడుపులో తిప్పింది. కొత్త ఇల్లు కట్టేటప్పుడు పాచమామకి, అంటే భూదేవికి, పునాదిలో అర్పించేందుకు వాటిని కొంటారట. శంకుస్థాపనలో నవధాన్యాలు, నవరత్నాలు వేసే ఇంటి నుంచి వచ్చినదాన్ని, భూమిని అడిగి ఇల్లు కట్టుకోవాలన్న ఆ భావం నాకు కొత్తేం కాదు. ఫొటో తీసే ముందు అడగండి, చాలామంది వద్దంటారు.

మురిల్యో కూడలికి వెళ్లాం. మేం చూసినప్పుడు పార్లమెంటు భవనం మీది గడియారం అంకెలు తిరగేసి ఉన్నాయి, ముళ్లు ఎడమవైపుకి తిరుగుతున్నాయి. 2014లో అలా మార్చారు. దక్షిణార్ధగోళంలో కాలాన్ని మేం మా దిక్కు నుంచే చూస్తాం అని చెప్పడానికట. పావురాలు, ఐస్‌క్రీమ్ బండ్లు, అరగంట చాలు.

ఇక ఆ రోజంతా నిజంగా మాదైంది తెలెఫెరికోలోనే, అంటే ఆ కేబుల్ కార్లలోనే. 2014లో ఎర్ర లైన్‌తో మొదలై ఇప్పుడు పది లైన్లు. ఇది టూరిస్టుల కోసం కట్టినది కాదు, మన మెట్రోలాగే జనం రోజూ ఆఫీసుకి, స్కూలుకి వెళ్లే బండి. ఒక్కో డబ్బాలో పదిమంది కూర్చోవచ్చు. మేం వెళ్లినప్పుడు మొదటి లైన్‌కి 3 బొలివియానోలు, వెంటనే మారితే ఒక్కో లైన్‌కి 2. హోటల్లో చెప్పిన సిటీ టూర్‌కి మనిషికి దీనికి ఎన్నో రెట్లు అడిగారు. మేం ఎర్ర, వెండి, పసుపు, ఆకుపచ్చ లైన్లు వరసగా ఎక్కి, మనిషికి 9 బొలివియానోల్లో ఊరు ఈ కొస నుంచి ఆ కొస వరకు చూశాం.

ఎర్ర లైన్ ఊరి పెద్ద శ్మశానం మీదుగా వెళ్తుంది. అరలు అరలుగా కట్టిన సమాధులు, ప్రతి అరకీ చిన్న అద్దం తలుపు, లోపల పూలు. పైన ఎల్ ఆల్తోలో దిగేసరికి గురువారం సంత. నీలం టార్పాలిన్లు కనుచూపుమేర పరుచుకుని ఉన్నాయి. గురు, ఆదివారాల్లోనే ఉంటుందా సంత. బ్యాగు ముందుకు వేసుకుని కాసేపు తిరిగి, ఆయాసం రాగానే వచ్చేశాం. వెండి లైన్ లోయ అంచు వెంట వెళ్తుంది. అక్కడే మా ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుంది. కుచ్చుల లంగా, రెండు జడలు, గుండ్రటి టోపీ, ఒళ్లో బ్రెడ్డు సంచి. నేను ఫోన్‌లో ఏదో చూసుకుంటుంటే నా మోకాలు తట్టి కిటికీ వైపు చూపించింది. మబ్బు తొలగి ఇల్యిమాని, 6,438 మీటర్ల మంచుకొండ, ఊరిమీద కాపలా ఉన్నట్టు నిలబడి ఉంది. ఆవిడ మొహంలో సొంత ఇంటి మనిషిని పరిచయం చేస్తున్న గర్వం.

కిందికి దిగుతున్నకొద్దీ ఊరు మారిపోతుంది. మామూలుగా కొండమీద ఇల్లంటే డబ్బున్నవాళ్లదనుకుంటాం. ఇక్కడ పైన చలి ఎక్కువ, గాలి పలచన. అందుకే ఎగువన సున్నం పడని ఇటుక ఇళ్లు, దిగువన వెచ్చటి దక్షిణ పేటల్లో పచ్చిక, ఈత కొలనులు. ఆకుపచ్చ లైన్‌లో ఆ పెరళ్ల మీదుగా వెళ్తుంటే మావారు చాలాసేపు మాట్లాడలేదు.

చివరి స్టేషన్ ఇర్పావి నుంచి టాక్సీలో చంద్రలోయకి వెళ్లాం. వానకీ గాలికీ కోసుకుపోయిన మట్టి శిఖరాలు. బాగుంది, కానీ టైమ్ తక్కువుంటే దీన్ని వదిలేయండి, కేబుల్ కారుని కాదు. దారి ఇరుకు, నీడ లేదు, టోపీ తప్పనిసరి.

చీకటి పడుతుండగా పసుపు లైన్‌లో సోపోకాచి వరకు తిరిగొచ్చాం. చుట్టూ ఉన్న కొండల మీద ఒక్కొక్క దీపం వెలిగి, ఊరంతా నిప్పుకణికలు నింపిన మూకుడులా అయింది. స్టేషన్ దగ్గర అపీ తాగాం. ఊదారంగు మొక్కజొన్న పిండితో, దాల్చినచెక్క, లవంగం వేసి కాచిన చిక్కటి జావ. గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంటే తలనొప్పి ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఆ రాత్రి హోటల్‌కి వచ్చి మెట్లు ఎక్కుతూ, ఉయుని బస్సు టికెట్లు ఇంకో రోజుకి మార్చుకోవచ్చేమో కనుక్కోమని ఈసారి నేనే మావారితో అన్నాను.