బరంపురంలో మా అమ్మాయి పురుడు: ఆసుపత్రి ఎలా ఉందంటే

పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా వెళ్లాలా అని చుట్టాలు చాలామంది అడిగారు. తొలిచూలు, డేటు దాటింది, నొప్పుల్లేవు అంటే మేం వెళ్లిన ఆసుపత్రి లాంటిదానికే వెళ్లమంటాను. వీళ్లు కంగారు పెట్టరు. చేసేది ముందు చెప్పి మరీ చేస్తారు.

అమ్మాయికి 41 వారాలు నిండాయి. డాక్టరమ్మ పరీక్ష చేసి, "గర్భసంచి ముఖద్వారం ఇంకా ముక్కు కొనలా గట్టిగా ఉందమ్మా, పెదవిలా మెత్తబడాలి. ఇప్పుడే నొప్పుల సెలైన్ ఎక్కిస్తే పెద్దగా లాభం ఉండదు" అన్నారు. అది ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తగా ఉంది, ఎటు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత దిగింది, వీటికి మార్కులు వేస్తారు. బిషప్ స్కోర్ అంటారట. మాకు తక్కువే వచ్చింది.

అందుకని ప్రోస్టాగ్లాండిన్ జెల్ పెట్టారు. హార్మోన్‌లా పనిచేసే ఈ పదార్థం మన ఒంట్లోనూ తయారవుతుంది. ముఖద్వారాన్ని బిగించి ఉంచే కొల్లాజెన్ పోగులు దీంతో వదులవుతాయి, అక్కడ నీరు చేరి మెత్తబడుతుంది. కొందరికి నొప్పులు కూడా దీంతోనే మొదలవుతాయి. ఒక సిరంజిలో ఉండేది 0.5 మిల్లీగ్రాముల మందే. చాలకపోతే 6 గంటలాగి మళ్లీ పెడతారు, 24 గంటల్లో 1.5 మిల్లీగ్రాములు దాటనివ్వరు. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందిది. వేరేచోట మా బంధువులమ్మాయికి మిట్టమధ్యాహ్నం బయటి షాపు నుంచి ఉత్త కవర్లో తెప్పించారు, అప్పట్నుంచీ నాకు అదే భయం. ఇక్కడ వార్డులోని ఫ్రిజ్ నుంచి నా ఎదురుగానే తీశారు.

జెల్ పెట్టాక అమ్మాయిని కాసేపు లేవనివ్వలేదు. బిడ్డ గుండె చప్పుడు చూసే మెషిన్ తగిలించారు. నొప్పులు మరీ వెంటవెంటనే వస్తే బిడ్డకి ఇబ్బందని సిస్టర్ పొట్టమీద చెయ్యేసి లెక్క చూస్తూనే ఉంది. ఒప్పుకోలు కాగితం ఒడియాలో ఉంటే, తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెట్టించింది కూడా ఆవిడే. రెండో జెల్ తర్వాత నొప్పులు అందుకున్నాయి. తెల్లారేసరికి మామూలు కాన్పు, ఆడపిల్ల.

వసతి అంతంతమాత్రం. తోడున్నవాళ్లకి బల్లే గతి, వేడినీళ్లకి ఎదురుగా ఉన్న టీకొట్టుకి వెళ్లాలి. బాలింత ఉన్నచోట ఆ మాత్రం ఏర్పాటు చెయ్యాలి కదా.

ముందు కాన్పు ఆపరేషన్ అయినవాళ్లు చేరేటప్పుడే ఆ సంగతి చెప్పి పాత ఫైలు చూపించండి. ఇలాంటి మందులతో పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం ఉంటుంది.