బ్యాడ్జీ వీపు చూడ్డానికి బ్రిటన్ దాకా: లండన్, బర్మింగ్‌హామ్, యార్క్, ఎడింబరా

మా ఇల్లు సికింద్రాబాద్ తిరుమలగిరిలో. కంటోన్మెంటు గోడల పక్కనుంచే బడికెళ్లినవాణ్ణి. అందుకని బ్రిటిష్ గుర్రపుదళాల టోపీ బ్యాడ్జీల పిచ్చి నీకెందుకని ఎవరైనా అడిగితే పెద్దగా వివరించను. 1914లో యుద్ధం మొదలయ్యేనాటికి 7వ డ్రాగూన్ గార్డ్స్ రెజిమెంటు సికింద్రాబాద్‌లోనే ఉండేది. ఇక్కణ్ణుంచే మన 20వ డెక్కన్ హార్స్‌తో పాటు ఫ్రాన్సు వెళ్లింది. 1916 జులై 14న సోమ్ యుద్ధంలో, హై వుడ్ దగ్గర, ఈ రెండు దళాలవాళ్లూ కలిసి బల్లేలు పట్టుకుని గుర్రాల మీద దాడికి దిగారు.

ఆ 7వ డ్రాగూన్ గార్డ్స్ బ్యాడ్జీలు నా దగ్గర రెండున్నాయి. చిన్న కిరీటంలోంచి పైకి లేచిన సగం సింహం, కింద పట్టీ మీద లాటిన్‌లో ‘క్వో ఫాటా వోకంట్’. విధి ఎటు పిలిస్తే అటు అని. ఒకటి జుమేరాత్ బజార్ గురువారం సంతలో ఓ ముసలాయన దగ్గర 400 రూపాయలకు కొన్నాను. రెండోది ఆన్‌లైన్‌లో 45 పౌండ్లు పోసి, లీడ్స్‌లో ఉండే మా అమ్మాయి చిరునామాకు తెప్పించుకున్నాను. వీటిలో ఏది అసలు, ఏది నకలు? మే నెలలో అమ్మాయి దగ్గరికి వెళ్తూ రెంటినీ అగ్గిపెట్టెలో దూది పెట్టి పట్టుకెళ్లాను. “మనవణ్ణి చూడ్డానికా, ఇత్తడి చూడ్డానికా?” అంది మా ఆవిడ.

ముందు లండన్‌లో మూడు రాత్రులు. ఎర్ల్స్ కోర్ట్‌లో హోటల్. పేరు రాయను గానీ, గదిలో సూట్‌కేసు తెరవాలంటే మంచం మీదే తెరవాలి. లిఫ్టు పనిచేయదన్న సంగతి మేం మెట్ల కింద నిలబడ్డాక చెప్పారు. నాలుగో అంతస్తు. మా ఆవిడ మోకాళ్లు ఇప్పటికీ ఆ రిసెప్షన్ అబ్బాయిని తల్చుకుంటున్నాయి. చోటు మాత్రం మంచిదే. డిస్ట్రిక్ట్ లైన్‌లో ఇటు స్లోన్ స్క్వేర్, అటు నాటింగ్ హిల్ గేట్, రెండూ మారకుండా వెళ్లొచ్చు.

స్లోన్ స్క్వేర్‌లో దిగి నడిస్తే నేషనల్ ఆర్మీ మ్యూజియం. టికెట్ లేదు, శుభ్రంగా ఉంటుంది, కూర్చోవడానికి బల్లలుంటాయి. చరిత్ర కావాలనుకున్నవాళ్లు రోజంతా ఉండొచ్చు. నాకు పనికొచ్చింది తక్కువ. అన్నీ అద్దాల వెనక, అన్నీ మొహం చూపిస్తూ. రెండు గంటలు తిరిగినా ఒక్క బ్యాడ్జీ వీపూ కనబడలేదు. నకిలీలు చేసేవాళ్లు ముందు భాగం మీదే శ్రద్ధ పెడతారు, దొరికిపోయేది వెనకవైపునే.

శనివారం నాటింగ్ హిల్ గేట్‌లో దిగి పోర్టొబెల్లో రోడ్డు. పాత సామాన్ల సంత అంతా ఆ రోజే. పొద్దున్నే వెళ్తేనే మేలు, పది దాటితే జనం తోపులాటలో భూతద్దం కూడా తీయలేం. ఓ బల్ల మీద 17వ లాన్సర్స్ అనే గుర్రపుదళం బ్యాడ్జీ పెట్టారు: పుర్రె, కింద ఎముకలు, ‘ఆర్ గ్లోరీ’ అని పట్టీ. పుర్రెను మరణం అని చదువుకుని, ‘మరణమో, కీర్తో’ అని పూర్తి చేసుకోవాలి. బేరగాళ్లకు ఇష్టమైన బ్యాడ్జీ ఇది, అందుకే నకళ్లూ దీనికే ఎక్కువ. అమ్మే పెద్దమనిషి గొంతు తగ్గించి, 1854లో బాలక్లావా యుద్ధంలో ఒక సైనికుడు పెట్టుకున్నదే ఇది అన్నాడు. తిరగేశాను. వెనక స్లైడర్ ఉంది, అంటే టోపీ మడతలో దూర్చడానికి అతికించే నిలువు పట్టీ. మామూలు సైనికులకు ఇలాంటి టోపీ బ్యాడ్జీలు వచ్చిందే 1890ల చివర్లో. బాలక్లావా గుర్రం దిగిన నలభై ఏళ్ల తర్వాతన్నమాట! నవ్వి పక్కన పెట్టాను. ఆయనా నవ్వాడు, ధర సగానికి దించాడు.

పక్క బల్లావిడ నయం. కథలేం చెప్పలేదు, దీపం ఇటు తిప్పి చూసుకోమంది. ఆవిడ దగ్గరున్న పుర్రె అసలుదే, కానీ ఏ కాలానిదో చెప్పడం కష్టం. 1922లో 17, 21వ లాన్సర్స్‌ను కలిపేసినా ఆ పుర్రె అదే రూపంలో 1993 దాకా కొనసాగింది. మామూలుగా కిరీటం చూసి కాలం చెప్పేస్తాం. విక్టోరియా కిరీటం ఒక రకం, 1901 నుంచి 1952 దాకా రాజుల కిరీటం ఇంకో రకం, ఎలిజబెత్‌ది మరో రకం. ఇప్పుడు చార్లెస్ వచ్చాక మళ్లీ పాత రాజుల కిరీటంలాంటిదే పెడుతున్నారు, ముందు ముందు తికమక తప్పదు. పుర్రెకు కిరీటమే లేదాయె. నా సింహం ఎక్కిన చిన్న కిరీటం కూడా రాజుది కాదు.

బర్మింగ్‌హామ్ వెళ్తానంటే మా అమ్మాయి, “అక్కడేముంది నాన్నా, నగల కొట్లేగా?” అంది. ఈ ప్రయాణంలో నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడే. బ్యాడ్జీలూ బొత్తాలూ అచ్చుకొట్టిన ఊరది. స్నో హిల్ నుంచి రైల్లో ఒక్క స్టేషన్ అవతల జ్యుయెలరీ క్వార్టర్. అక్కడ పెన్ మ్యూజియం అని చిన్నది, పాత పాళీల ఫ్యాక్టరీ భవనంలో. టికెట్ తీసుకుంటే చేతి ప్రెస్సు మీద మనమే పాళీ చేసుకోవచ్చు. ఉక్కు రేకు పెట్టి చక్రం లాగితే పాళీ ఆకారం ముక్క తెగింది. ఇంకో ప్రెస్సులో కన్నం పడింది. మరోదాంట్లో వంపు తిరిగింది. చేతిలో తిప్పి చూస్తే, ముందు ఎక్కడ ఉబ్బిందో వెనక సరిగ్గా అక్కడే లొత్తపడింది. పల్చటి రేకును అచ్చు మీద కొడితే అంతే కదా! మన కంసాలి అచ్చులో రేకు కొట్టి బిళ్ల తీసినా ఇదే. అదే నకళ్లలా పోతపోసిన బిళ్లకైతే వీపు చదునుగా, సన్నని గుంటలతో, గరుగ్గా ఉంటుంది. ఈ తేడా పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివానో. వేలికి తెలిసింది ఆ రోజే.

బర్మింగ్‌హామ్‌లో బస గురించి చెప్పాల్సిందేమీ లేదు. ఊరూరా ఉండే చెయిన్ హోటల్, మంచం మెత్తన, కెటిల్ ఉంది, మాగాయ సీసా ఉంది.

యార్క్‌లో రెండు రాత్రులు ఓ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇంట్లో. మెట్లున్నాయని ముందే ఫోన్ చేసి చెప్పారు, కింది గది ఇచ్చారు. మేం శాకాహారులమంటే పుట్టగొడుగులు, టమాటా విడిగా వేయించి పెట్టారు. లండన్ కంటే సగం ఖర్చు, రెట్టింపు మర్యాద. క్లిఫర్డ్స్ టవర్ ఎదురుగా టవర్ స్ట్రీట్‌లో యార్క్ ఆర్మీ మ్యూజియం. 1922లో 4వ, 7వ డ్రాగూన్ గార్డ్స్ ఒకటయ్యాయి, 1992లో అవి రాయల్ డ్రాగూన్ గార్డ్స్‌లో కలిసిపోయాయి. ఆ వారసత్వమంతా ఇక్కడుంది. చిన్న మ్యూజియం, గంటన్నర చాలు. నా సింహాన్ని అద్దం వెనక చూసి కాసేపు అలాగే నిలబడ్డాను. జూలులో ప్రతి పాయా విడివిడిగా కనిపిస్తోంది. వీపు మాత్రం ఇక్కడా లేదు.

అక్కడికి పది నిమిషాల దూరంలో పాత పతకాల కొట్టు. ఆ డీలర్ నా అగ్గిపెట్టె చూసి ముచ్చటపడ్డాడు. 45 పౌండ్లదాన్ని తిరగేసి రెండు క్షణాల్లో పక్కన పెట్టేశాడు. వీపు చదును. స్లైడర్ మందంగా, మొద్దుగా. దాని మీద గాంట్ అని పెద్ద కంపెనీ ముద్ర ఉంది, దాన్ని చూసే నేను కొన్నాను. నకళ్ల మీద అందరికంటే ముందు కొట్టేది ఆ ముద్రే అన్నాడు. పైగా పట్టీ, సింహం మధ్య ఖాళీల అంచులు కరిగిన సబ్బులా గుండ్రంగా ఉన్నాయి. అచ్చుతో కత్తిరించిన అంచు గోరుకు తగలాలి.

తర్వాత జుమేరాత్ బజార్‌ది తీసుకున్నాడు. అదీ పోతదే! నా గుండె జారింది. ఆయన మాత్రం కింద పెట్టలేదు, కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు. స్లైడర్ బదులు రెండు రాగి కొంకులు. వాటి లోపలి అంచు అరిగి ఉంది, ఏళ్ల తరబడి పిన్ను రాసుకున్నట్టు. ఖాళీల్లో ఆకురాయి గీతలు. జూలు సందుల్లో ఎండిపోయిన పాలిష్, పచ్చగా. ఇండియాలో ఉన్న రెజిమెంట్లకు అక్కడి బజార్లో ఇసుక అచ్చుల్లో పోసిన బ్యాడ్జీలు ఉండేవనీ, వాటిని సైనికులు నిజంగానే పెట్టుకునేవాళ్లనీ చెప్పాడు. ఇది అలాంటిదై ఉండొచ్చు. నిరుడు ఎవరో పోసి ఆకురాయి పెట్టిందీ కావచ్చు. అరిగిన కొంకుల వల్ల తను మొదటి మాటవైపే మొగ్గుతానన్నాడు. ఎంతకిస్తావని అడిగితే తల అడ్డంగా ఊపాను. చూసిపెట్టినందుకు ఆయన డబ్బేమీ పుచ్చుకోలేదు. చిన్న చీటీ మీద ‘సికింద్రాబాద్?’ అని రాసి, ప్రశ్నార్థకం కింద రెండు గీతలు గీసి ఇచ్చాడు.

ఎడింబరా ఒక్కరోజులో వెళ్లొచ్చాం, యార్క్ నుంచి రైల్లో రెండున్నర గంటలు. వాటర్లూ యుద్ధంలో సార్జెంట్ చార్లెస్ యూవార్ట్ లాక్కున్న ఫ్రెంచి డేగ, అంటే ఫ్రెంచి దళం జెండా కర్ర మీది డేగ బొమ్మ, అక్కడి కోటలోనే ఉంది. రాయల్ స్కాట్స్ గ్రేస్ అనే ఆయన గుర్రపుదళం బ్యాడ్జీ మీదున్నది ఆ డేగే. చూడాల్సిందే, కానీ కోట ఎక్కడం మోకాళ్లకు శిక్ష. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. గుర్తు కోసం కోట కింద కొట్లలో బ్యాడ్జీలు కొనకండి, అన్నీ నిగనిగలాడుతుంటాయి.

45 పౌండ్లవాడికి వీపు ఫోటోలు పంపితే, కొని ఆర్నెల్లయింది, వాపసు కుదరదన్నాడు.

తిరిగొచ్చిన గురువారమే జుమేరాత్ బజార్ వెళ్లాను, సింహం ఎవరింట్లోంచి వచ్చిందో అడుగుదామని. ఆ ముసలాయన చోట ఎవరో కుర్రాడు పాత చార్జర్లు పరుచుకున్నాడు. తాత ఊరెళ్లాడు, దసరాకొస్తాడన్నాడు. చార్జర్ల పక్కన ఓ ఇత్తడి బిళ్ల కనబడితే తీసి తిరగేశాను. “సార్, బొమ్మ అటుంది” అన్నాడు.