ఎస్‌క్యూఎల్‌సైఫర్: కొన్నేళ్లు వాడాక నాకు తెలిసింది

మాది మందుల షాపుల బిల్లింగ్ యాప్. ఎవరు ఏ మందు కొన్నారు, ఎవరి బాకీ ఎంత అన్నదంతా కౌంటర్ మీద ఉండే ట్యాబ్‌లోనే, ఒక్క ఎస్‌క్యూలైట్ (డేటాబేస్ మొత్తాన్ని ఒకే ఫైల్‌లో పెట్టే సాఫ్ట్‌వేర్) ఫైల్‌లో ఉంటుంది. మామూలు ఎస్‌క్యూలైట్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చాలు, పిచ్చి గీతల మధ్య కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు చక్కగా చదువుకోవచ్చు. యాప్‌కి లాగిన్ ఉందిగా అంటారు గానీ, ఫైల్ ఎత్తుకెళ్లినవాడికి మీ లాగిన్‌తో పనేంటి?

అందుకే ఎస్‌క్యూలైట్ ఫైల్‌కి తాళం వేసే ఎస్‌క్యూఎల్‌సైఫర్ పెట్టాం, ఉచితంగా దొరికే ఎడిషనే. పేజీల వారీగా మొత్తం ఫైల్‌ని 256 బిట్ ఏఈఎస్ అనే పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే కీ లేనివాడు చదవలేని రూపంలోకి మారుస్తుంది. డేటా అడిగే మన క్వెరీలు ఒక్కటీ మార్చక్కర్లేదు, తెరవగానే ముందు కీ ఇస్తే సరిపోతుంది. కీ తప్పయితే మాత్రం 'ఇది డేటాబేస్ ఫైలే కాదు' అన్న ఎర్రర్ వస్తుంది, అది చూసి కొత్తగా చేరిన కుర్రాళ్లు డేటా పోయిందని హడలిపోతారు.

స్పీడ్ గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. బిల్లు కొట్టేటప్పుడు తేడా తెలియదు, తెలిసేదల్లా తెరిచేటప్పుడే. 4వ వెర్షన్ నుంచి పాస్‌వర్డ్‌ని కీగా మార్చడానికి డిఫాల్ట్‌గా 2,56,000 రౌండ్ల లెక్క తిప్పుతుంది, అంతకుముందు 64,000 ఉండేవి. చౌక ట్యాబ్‌లో ఆ బరువు కనిపిస్తుంది, కాబట్టి కనెక్షన్ ఒకసారి తెరిచి అలాగే ఉంచుకోవాలి. 3 నుంచి 4కి మారేవాళ్లు పాత ఫైల్ నేరుగా తెరుచుకోదని గుర్తుంచుకోండి, కాపీ తీసిపెట్టుకుని 'సైఫర్ మైగ్రేట్' అనే కమాండ్ నడపాలి.

అసలు తలనొప్పి కీ ఎక్కడ దాచాలన్నదే. కోడ్‌లో రాసిపెడితే ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ ఫైల్) విప్పినవాడికి అప్పగించినట్టే. మేం ర్యాండమ్ కీ తయారుచేసి ఆండ్రాయిడ్‌లో కీలు భద్రపరిచే కీస్టోర్‌తో కాపాడుతున్నాం, అయితే ట్యాబ్ రీసెట్ చేస్తే ఆ కీ కూడా పోతుంది. కాబట్టి బ్యాకప్‌ని ఓనర్ పెట్టుకున్న పాస్‌వర్డ్‌తో వేరే ఫైల్‌గా ఎగుమతి చేస్తున్నాం. ఒకాయన ట్యాబ్ మార్చి, పాస్‌వర్డ్ మర్చిపోయి, 'నా షాపు లెక్కలు నాకే చూపించదా బాబూ?' అని ఫోన్‌లో గంట సేపు వాదించాడు. దొడ్డిదారి లేదండీ, ఉంటే దొంగకీ ఉంటుంది అంటే ఆయనకి ఎక్కలేదు. ఇప్పుడు ఇన్‌స్టాల్ చేసిన రోజే పాస్‌వర్డ్ కాగితం మీద రాయించి, డ్రగ్ లైసెన్స్ కాగితాలతో పాటు పెట్టిస్తున్నాం.

ఒకటి మాత్రం దీని వల్ల కాదు. యాప్ నడుస్తున్నప్పుడు కీ మెమరీలోనే ఉంటుంది, రూట్ చేసిన (సిస్టమ్ మీద పూర్తి అధికారం తెచ్చుకున్న) ట్యాబ్ అయితే దాన్ని లాగేయొచ్చు. ఇక కౌంటర్ కుర్రాడు స్క్రీన్ తెరిచిపెట్టి టీకి వెళ్తే ఏ ఏఈఎస్ ఏం చేస్తుంది, ఆటో లాక్ పెట్టుకోండి.