ఎనాక్సపారిన్ 60: సూదితో పేచీ లేదు, పరీక్షతోనే

రక్తం గడ్డకట్టకుండా వేసుకునే సూది ఇది, రోజుకు రెండు. గర్భం ఎనిమిదో వారం నుంచి కాన్పయ్యాక ఆరు వారాల దాకా ఐదు వందల పైచిలుకు సూదులు. ఇన్ని వాడాక కూడా మందుకు వంక పెట్టలేను. తిప్పలంతా దాన్ని కొలిచే దగ్గరే.

సిరంజీలో గాలి బుడగ కనిపిస్తే తీసేయొద్దు, చివరి చుక్కను లోపలికి నెట్టేది అదే. ఈ 60 మి.గ్రా. సిరంజీతో 50 మి.గ్రా. డోసే వేసుకోవాలంటే మాత్రం సూదిని కిందికి పట్టి, గీత చూసుకుంటూ 0.1 మి.లీ. వదిలేయాలి. బొడ్డుకు రెండంగుళాలు వదిలి, పక్కన చర్మం మడత పట్టి నిటారుగా గుచ్చాలి. మందు మొత్తం దిగేదాకా మడత వదలొద్దు. తర్వాత రుద్దారో, తెల్లారేసరికి అక్కడ నేరేడు పండు రంగు. నిల్వ 25 డిగ్రీల లోపు. మే నెల వరంగల్ ఎండలో బండి డిక్కీలో పెట్టి మరిచిపోతే అంతే సంగతులు. అలాగని ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

ఇక పరీక్ష. నెలలు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, కిడ్నీలు మందును త్వరగా బయటికి పంపేస్తాయి. మొదట్లో సరిపోయిన డోసు తర్వాత చాలకపోవచ్చు. దాన్ని పట్టిచ్చేది యాంటీ ఎక్స్‌ఏ, అంటే రక్తంలో ఈ మందు ఎంత పనిచేస్తోందో కొలిచే పరీక్ష. ‘రక్తం పలచబడే మందా?’ అని కౌంటర్‌లో పీటీ ఐఎన్ఆర్ కొట్టేస్తారు, అది రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూసేది, వార్ఫరిన్ అనే మాత్రకు పనికొచ్చే లెక్క. బిల్లు కట్టేముందే పేరు చూసుకోండి.

సూది వేసిన నాలుగు గంటలకు రక్తం ఇవ్వాలి. పొద్దున 7కి సూది అయితే 11కి. పరగడుపున, సూదికి ముందే ఇస్తే అంకె తక్కువొస్తుంది, దాన్ని చూసి డోసు పెంచితే ప్రమాదం. గడ్డకు చికిత్సగా వాడేవాళ్లకు ఈ అంకె సాధారణంగా 0.6–1.0, గుండెలో మెకానికల్ వాల్వ్ (కృత్రిమ కవాటం) ఉంటే 0.8–1.2 ఉండాలంటారు. రోజుకు ఒక్క 40 వాడేవాళ్లకు చాలావరకు ఈ పరీక్షే అక్కర్లేదు.

నీలం మూత ట్యూబు గీత దాకా నిండాలి. హన్మకొండలో తీసి హైదరాబాద్ పంపే శాంపిలైతే, గంటలోపు మెషీన్‌లో తిప్పి ప్లాస్మా (రక్తంలోని పసుపు ద్రవం) వేరుచేసి ఫ్రీజ్ చేస్తారా అని అడగండి. ఆలస్యమైతే ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే ప్రొటీన్ హెపారిన్‌ను (ఈ మందు ఆ రకందే) అణచేసి అంకెను తగ్గిస్తుంది. ఉన్న మందే లేనట్టు కనిపిస్తుందన్నమాట.

ధనుర్వాతం టీకాకు ముందు ఈ మందు సంగతి సిస్టర్‌కు చెప్పాలి, కండలో నెత్తురు గడ్డ కట్టొచ్చు. నొప్పులు మొదలైతే తర్వాతి సూది వేసుకోకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఇలా రోజుకు రెండు సూదుల డోసు మీద ఉన్నవాళ్లకు వెన్నులో మత్తు ఇవ్వాలంటే 24 గంటల ఎడం కావాలి, అందుకే ఆఖరి సూది టైము కాగితం మీద రాసి పెట్టుకోవాలి. కాన్పయ్యాక వార్ఫరిన్‌కు మారితే అప్పుడు చూడాల్సింది ఐఎన్ఆర్. అది 2 దాటి నిలిచేదాకా సూది ఆపరు.