షోమ్రోనా, యెరూషలేమా: ఏ రాజధాని కథ బాగుంటుంది?

యెరూషలేము దావీదు రాజు కట్టిన ఊరు కాదు, అక్కడ ముందే ఉన్న యెబూసీయులనే జాతి దగ్గర గెలుచుకున్నది. ఆ పేరు క్రీ.పూ. 14వ శతాబ్దపు అమర్నా ఉత్తరాల్లోనే (ఈజిప్టులో దొరికిన మట్టి పలకల ఉత్తరాలు) ఉంది, దావీదు అక్కడి కోటకి మాత్రం 'దావీదు పురం' అని తన పేరు తగిలించుకున్నాడు. ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజ్యపు రాజధాని షోమ్రోను (సమరయ) లెక్క వేరు. పాత రాజధాని తిర్సాలో ఆరేళ్లు ఏలిన అక్కడి రాజు ఒమ్రీ, షెమెరు అనే అతని దగ్గర రెండు తలాంతుల వెండికి, అంటే దాదాపు 60-70 కిలోలకి, కొండని కొనేసి ఊరు కట్టి, దానికి తన పేరు కాకుండా అమ్మినవాడి పేరే పెట్టాడని బైబిల్లోని రాజుల గ్రంథం చెబుతుంది. రాజై ఉండి! నాకు ఇదే నచ్చుతుంది. తర్వాత యూదయ రాజు హేరోదు, రోమా చక్రవర్తి అగస్టస్ గౌరవార్థం ఆ పేరుని సెబస్తె అని మార్చాడు, ఇప్పటికీ అక్కడి పల్లె సెబాస్తియానే.