చిన్న మ్యూజియానికి వలంటీర్లుగా ఎవరు మేలు: విద్యార్థులా, విశ్రాంత ఉద్యోగులా, గృహిణులా?

మన జిల్లాల్లోని చిన్న మ్యూజియాల్లో పనిచేసేవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బాధ్యత చూసే అధికారి ఒకరు, అటెండర్లు ఇద్దరు, రాత్రి కాపలాకు ఒకరు ఉంటే సిబ్బంది నిండుగా ఉన్నట్టే. తలుపులు తెరవడం, టికెట్లు ఇవ్వడం, గదులు ఊడ్పించడం, పై కార్యాలయం అడిగిన నివేదికలు పంపడం వీరితో ఎలాగో జరిగిపోతాయి. వస్తువుల రిజిస్టరును సరిచూడడం, బీరువాల్లో మూటలు కట్టి ఉన్న కాగితాలకు, తాళపత్రాలకు పట్టిక రాయడం, బడిపిల్లలు వచ్చిన రోజున వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి స్మారకశిల) మీద చెక్కిన కథ ఏమిటో వారికి అర్థమయ్యేలా చెప్పడం వంటివి మాత్రం ఏళ్ల తరబడి మిగిలిపోతాయి. వాటికి జీతమిచ్చి మనుషులను పెట్టుకునే స్తోమత లేనప్పుడు వలంటీర్లను తీసుకుందామన్న ఆలోచన వస్తుంది. మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం నాడు ఆర్భాటంగా మొదలై, దసరా సెలవుల నాటికి చల్లబడిపోయే ప్రయత్నాలకు కొదవ లేదు. అందుచేత మొదటి నెలలో ఎంతమంది చేరారన్న లెక్కను పక్కనపెట్టి, మూడో ఏట కూడా ఎవరు వస్తూ ఉంటారో, వారికి నేర్పడానికి పెట్టిన శ్రమ ఎవరి దగ్గర తిరిగి వస్తుందో చూసి ఎంచుకోవాలి.

ముందుగా అందరికీ తోచేది కాలేజీ విద్యార్థులే. వారిని పిలవడానికి దారి సిద్ధంగా ఉంది. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో మొదలైన జాతీయ సేవా పథకం, అంటే మనం మామూలుగా అనే ఎన్నెస్సెస్, చాలా డిగ్రీ కాలేజీల్లో నడుస్తోంది. అందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అదనం. ఒక్కో యూనిట్‌లో మామూలుగా వందమంది ఉంటారు కనుక ప్రోగ్రాం అధికారికి ఒక ఉత్తరం రాస్తే మనుషులకు లోటుండదు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువులో సామాజిక సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ కూడా చేరాక పని వెతుక్కుంటూ విద్యార్థులే వచ్చే అవకాశం పెరిగింది.

అసలు చిక్కు ఈ సంఖ్యలోనే ఉంది. మూడు గదుల మ్యూజియానికి ఒకేసారి యాభైమంది వస్తే వారికి అప్పగించడానికి శుభ్రత తప్ప మరో పని కనిపించదు. ఆవరణలోని పిచ్చిమొక్కలు పీకించడం వరకు అది మంచిదే. తడిగుడ్డ చేతికిచ్చి శిల్పాలు తుడవమంటే మాత్రం నష్టం అక్కడికక్కడే మొదలవుతుంది. పల్నాటి సున్నపురాతి పలక మీద తడి పడితే దుమ్ము కాస్తా బురదై చెక్కడపు గీతల్లోకి దిగి అక్కడే గట్టిపడుతుంది. ఆ దుమ్మును మెత్తని పొడి కుంచెతో, పైనుంచి కిందికి, రాయిని రుద్దకుండా దులపాలి. పెచ్చు లేస్తున్న చోట కుంచె కూడా ఆనకూడదు. ఈ మాత్రం నేర్పాలన్నా ఐదారుగురికి ఒకరు చొప్పున పక్కన నిలబడాలి. యాభైమందికి ఒక అటెండరు ఆ పని చేయలేడు. ఇంతా చేసి నేర్పిన విద్యార్థి గంటలు పూర్తికాగానే సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోతాడు. అది అతని తప్పు కాదు. సెమిస్టరు పరీక్షలు, ఉద్యోగ ప్రయత్నాలు అతని కోసం కాచుకుని ఉంటాయి. మళ్లీ కొత్త బృందం వస్తుంది, మళ్లీ కుంచె పట్టడం దగ్గర మొదలుపెట్టాలి.

అయినా విద్యార్థులను వద్దనుకోవడం పొరపాటు. ఫొటోలు తీయడం, స్కాన్ చేయడం, ఫైళ్లకు పద్ధతిగా పేర్లు పెట్టడం, రిజిస్టరులోని వివరాలను కంప్యూటరులోకి ఎక్కించడం వంటివాటిలో వారి వేగం ఇంకెవరికీ రాదు. మొదలు, తుది ఉన్న పనిని, ఉదాహరణకు ఒక బీరువాలోని కాగితాలన్నిటినీ ఫొటో తీసి ముగించడాన్ని, ఆరుగురికి మించని బృందానికి అప్పగిస్తే వారు పూర్తి చేసి వెళ్తారు. వెళ్లిపోయినా పని తెగిపోదు. మ్యూజియానికి విద్యార్థుల వల్ల మేలు కలిగేది ఈ పద్ధతిలోనే.

విశ్రాంత ఉద్యోగుల సంగతి వేరు. ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61 ఏళ్లు కాబట్టి వచ్చేవారంతా అరవై దాటినవారే. మోకాళ్లు, కంటిచూపు, మే నెల ఎండ, ఇవన్నీ లెక్కలోకి తీసుకోవలసిందే. మేడమీద గదిలో పని పెట్టి కుర్చీ కూడా వేయని చోటికి రెండోసారి ఎవరూ రారు. కానీ వారు తెచ్చేది మరొకరి దగ్గర దొరకదు. రెవెన్యూ శాఖలో పనిచేసి దిగిపోయిన ఉద్యోగి ముందు పాత దస్తావేజును పెడితే, అందులోని ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల్లో వాడిన) సంవత్సరానికి 590 కలిపి అది ఏ కాలపుదో దాదాపుగా చెప్పేస్తాడు. భూమి, పంటల లెక్కలు రాసే అడంగల్ ఏదో, పహాణీ ఏదో, ఏది ఎవరు రాయవలసిన కాగితమో అతనికి విడమరిచి చెప్పనక్కరలేదు. తెలుగు పండితుడిగా పనిచేసినవారు పాత గొలుసుకట్టు రాతను, తెలుగు అంకెలను ఆగకుండా చదువుతారు. డిగ్రీ విద్యార్థి ఆ కాగితాన్ని అద్భుతంగా ఫొటో తీయగలడు గాని అది భూమి కౌలు పత్రమో, పెళ్లి ఖర్చుల పద్దో చెప్పలేడు. ఏమిటో తెలియని కాగితానికి తీసిన ఫొటో పట్టికలో ఎక్కదు.

వస్తువుల మీద నంబర్లు వేసే పని ఒకటి చాలు వీరి విలువ తెలియడానికి. మట్టిపాత్ర మీద నేరుగా సిరాతో రాయకూడదు. కంటికి వెంటనే కనబడని చోట, అడుగుభాగాన, గోరంత మేర పారలాయిడ్ బి-72 అనే జిగురు ద్రావణాన్ని పూసి, ఆరనిచ్చి, ఆ పొర మీద సన్నని పాళీతో నంబరు రాసి, అది ఆరాక దానిపై మరో పొర పూయాలి. ఎప్పుడైనా నంబరు మార్చవలసి వస్తే అసిటోన్‌తో ఆ పొరను తుడిచేయవచ్చు, పాత్రకు మచ్చ పడదు. కాగితాలకైతే మెత్తని పెన్సిలే, పెన్ను అసలు పనికిరాదు. లోహపు వస్తువులను చేతితొడుగులు వేసుకుని పట్టుకోవాలి, ఎందుకంటే చెమటలోని ఉప్పు లోహాన్ని తింటుంది. తాళపత్రాలకు, కాగితాలకు మాత్రం సబ్బుతో కడిగి ఆరబెట్టుకున్న వట్టి చేతులే నయం, తొడుగు వేస్తే ఆకు అంచు చేతికి తెలియక చిరుగుతుంది. ఈ పనులకు కావలసింది వేగం కాదు, తీరిక, దస్తూరి, ఒకే పనిని వారం వారం ఒకే తీరుగా చేసే అలవాటు. ముప్పై ఏళ్లు లెడ్జర్లు రాసిన గుమస్తాను మించినవారు దీనికి దొరకరు.

వీరితో ఇబ్బందులూ లేకపోలేదు. కొడుకో కూతురో అమెరికాలో ఉంటే ఆరు నెలలు అక్కడికి వెళ్తారు. తిరిగి వస్తారు గాని ఆ ఆరు నెలలు పని ఆగుతుంది. అందుకని ప్రతి పనికీ ఇద్దరిని పెట్టడం తప్పనిసరి. ఇంతకంటె చిక్కైన విషయం మరొకటి ఉంది. ఊరి చరిత్ర గురించి ప్రతివారికీ తమదైన కథనం ఉంటుంది. ఫలానా కోట ఎవరు కట్టారన్న దాని మీద ఒక పెద్దమనిషి తన సొంత సిద్ధాంతాన్ని గంటసేపు వినిపిస్తే ఎనిమిదో తరగతి పిల్లలు కాళ్లు మార్చుకుంటూ నిలబడతారు. ఆయనను మాన్పించడం కష్టం, నొప్పించడం అంతకంటె కష్టం. వ్యాఖ్యానం చెప్పే పనిని మొదటి నుంచీ ఒక పేజీ రాతప్రతికి కట్టుబెట్టి, పదిహేను నిమిషాల గడువు పెట్టి, మిగిలిన పాండిత్యాన్ని రిజిస్టరు వైపు మళ్లించడమే దీనికి మార్గమని నా అభిప్రాయం.

మూడో వర్గం గృహిణులు. వీరిని ఎవరూ పిలవరు. పిలిస్తే రారని ముందే అనుకుంటారు. పిల్లలు బడికి వెళ్లి తిరిగి వచ్చే మధ్య వేళ, అంటే దాదాపు పదిన్నర నుంచి మూడు వరకు, ఖాళీ దొరికే చదువుకున్న స్త్రీలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. బడిపిల్లల బృందాలు మ్యూజియానికి వచ్చేది కూడా ఆ వేళలోనే. పైగా రాకపోకల ఖర్చు అనే పాత అడ్డంకి చాలావరకు తొలగింది: తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు టికెట్ లేదు. పిల్లలకు చెప్పే పనిలో వీరిదే పైచేయి కావడానికి మన మ్యూజియాల్లోని వస్తువులు కూడా కారణమే. సోల, తవ్వ, మానిక గాజు పెట్టె వెనక వరుసగా పెట్టి ఉంటే పిల్లలు చూసి ముందుకు నడుస్తారు. అదే కొలతపాత్రలను, రిజిస్టరుకు ఎక్కనివి, సంతలో కొన్నవి, బల్ల మీద పెట్టి, రెండు సోలల బియ్యం తవ్వలోకి, రెండు తవ్వలవి మానికలోకి పిల్లల చేతనే పోయిస్తే లెక్క వారికి వెంటనే ఎక్కుతుంది. ఆ బియ్యం కింద ఒలకకుండా, నలభైమంది మధ్య తగవు రాకుండా నడిపించడం ఒక విద్య, అది విశ్రాంత గుమస్తాకు రాదు. వేసవి సెలవుల్లో, పండుగల ముందు, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినప్పుడు వీరు రాలేరు. వేసవిలో బడిపిల్లలు కూడా రారు కనుక మ్యూజియానికి ఆ లోటు పెద్దగా తెలియదు.

నవంబరు 19 నుంచి 25 వరకు జరిగే ప్రపంచ వారసత్వ వారోత్సవాల్లాంటి సందర్భాలకు ఒక్కరోజు వచ్చి వెళ్లేవారిని ఈ లెక్కలో చేర్చడం లేదు. అది ప్రచారం, కార్యక్రమం కాదు.

గౌరవ వేతనం ఇవ్వాలా వద్దా అన్నది తేల్చుకోవలసిన మరో విషయం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15న గ్రామ, వార్డు వలంటీర్ల వ్యవస్థ మొదలై, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చిన తర్వాత, వలంటీర్లు కావాలన్న ప్రకటన చూసి ఉపాధి కోసం వచ్చేవారు ఉంటారు. వారిని ఆశపెట్టి తిప్పడం అన్యాయం. చిన్న మొత్తం ఇస్తే మొదట్లో హాజరు బాగుంటుంది. నిధులు ఆగిన నెలలో మనుషులూ ఆగిపోతారు, జీతం తగ్గించారన్న మాట మిగిలిపోతుంది. దారిఖర్చు, టీ, గుర్తింపు కార్డు, ప్రమాద బీమా ఇచ్చి, ఇంతకుమించి ఏమీ ఉండదని ప్రకటనలోనే రాయడం మేలు. అటెండరు పోస్టు ఖాళీ ఉన్న చోట ఆ పనిని వలంటీరుతో నెట్టుకురావడం మరీ చెడ్డది, ఎందుకంటే పని జరిగిపోతోందన్న సాకుతో ఆ పోస్టు ఇక ఎప్పటికీ నిండదు. సంతకం చేయవలసిన బాధ్యతలు కూడా సిబ్బంది దగ్గరే ఉండాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువు, 75 ఏళ్లు దాటిన రాతప్రతి పురావస్తువు కిందికి వస్తాయి. వాటిలో ఒకటి పోతే జవాబు చెప్పవలసింది అధికారే. నాణేల పళ్లెం బయటికి తీసే ముందు ఒకసారి, లోపల పెట్టే ముందు మరొకసారి ఇద్దరి ఎదుట లెక్కపెట్టి రాసుకుంటే అనుమానాలకు తావుండదు, వచ్చినవారి గౌరవమూ నిలుస్తుంది.

ఇవన్నీ చూశాక, ఒక్క వర్గాన్నే ఎంచుకోవలసి వస్తే నేను విశ్రాంత ఉద్యోగులనే ఎంచుకుంటాను. ఆరుగురితో మొదలుపెట్టవచ్చు. మన చాలా మ్యూజియాలకు సెలవుదినమైన శుక్రవారం వారికి సరిగ్గా సరిపోతుంది: విద్యార్థులు కాలేజీలో ఉంటారు, సందర్శకులు ఉండరు, గాజు పెట్టెలు నిశ్చింతగా తెరవవచ్చు. ఆ శుక్రవారం బృందం ఒక ఏడాది నిలదొక్కుకున్నాక బడిపిల్లల కోసం గృహిణులను, ఆపైన చలికాలంలో ఒక నిర్ణీత పనికి ఆరుగురు విద్యార్థులను చేర్చుకోవచ్చు. అప్పుడు విద్యార్థికి కాగితం ఎలా పట్టుకోవాలో నేర్పే పని అధికారి మీద పడదు, గుమస్తాగారే నేర్పుతారు. ఈ వరుసను తలకిందులు చేసి విద్యార్థులతో మొదలుపెట్టిన చోట నేర్పేవారు ఎప్పటికీ తయారు కారు.

ఒక్కరి దీక్ష మీదే అంతా ఆధారపడితే ఏమవుతుందన్న దానికి కడప ఉదాహరణ ఉంది. తెలుగు నిఘంటువు కూర్చిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ నివసించిన బంగళా స్థలంలో ఆయన స్మారకంగా గ్రంథాలయం వెలసిందంటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి విరాళాలు పోగుచేసి, ఏళ్ల తరబడి దాన్ని కనిపెట్టుకుని ఉండడమే కారణం. తాళపత్రాలు, కైఫీయతులతో (ఊళ్ల చరిత్రలు రాసిన పాత కాగితాలతో) ఎదిగిన ఆ సంస్థ తర్వాత యోగి వేమన విశ్వవిద్యాలయం పరిధిలోకి వెళ్లింది కనుక వ్యక్తి తర్వాత కూడా నిలిచింది. ప్రతి ఊరికీ అటువంటి మనిషి దొరకడు, దొరికినా ఆయన వెనక సంస్థ ఉండాలి. చిన్న మ్యూజియంలో ఆ సంస్థ అంటే సిబ్బందిలో ఒకరికి వారంలో అరపూట వలంటీర్ల పని చూడడమే విధిగా రాసి ఇచ్చిన ఉత్తర్వు: ఎవరు వస్తారు, ఏ పెట్టె తెరుస్తారు, పాళీ, సిరా, పెన్సిళ్లు ఉన్నాయా, రానివారికి ఎవరు ఫోన్ చేస్తారు అన్నది చూసేవారు. ఆ అరపూట కేటాయించలేని మ్యూజియం మూడు వర్గాల్లో ఎవరినీ ఇప్పుడే పిలవకపోవడం మంచిది.